పొగగొట్టానికి ప్రతిపదార్థం

మూలం

కొలత కలిసిన గొట్టము, గొట్టమునకు కలపకు నడుమ ఖాళీ, కొప్పును మించిన కొస, మసి తీయు దారి, మూయకముందు చూచిన కన్ను, పిమ్మటనే నిప్పు.

అవతారిక

మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం నడిమి కొండల్లో. 2008 డిసెంబరులో ఈ ప్రాంతంలో పడ్డచోటే గడ్డకట్టే వాన కురిసింది. ఆ బరువుకు చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. కొన్ని ఊళ్లకు రెండు వారాల దాకా కరెంటు రాలేదు. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు చమురుతో మండేదైనా, గ్యాసుతో మండేదైనా దాన్ని నడపడానికి కరెంటు కావాలి. అందుకే ఇక్కడ చాలామంది ఇంట్లో ఒక కట్టెల పొయ్యి పెట్టుకుంటారు. మేమూ పెట్టుకున్నాం. అప్పట్నుంచి చుట్టుపక్కల తెలుగువాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు: ఏ పొయ్యి కొన్నారు, ఎంతయింది, ఎన్ని గదులు వెచ్చబడతాయి? గొట్టం సంగతి అడిగేవాళ్లు తక్కువ.

పొయ్యి ఫ్యాక్టరీలో తయారై, పరీక్షకు నిలిచి, ఇంటికి వస్తుంది. దాన్ని చెడగొట్టడానికి మన చేతిలో పెద్దగా ఏమీ లేదు. గొట్టం అలా కాదు. ముక్కలుముక్కలుగా వచ్చి, మన ఇంటి కప్పుకు కంత పెట్టించుకుని, అటకలోంచి దూరి, మన ఇంట్లోనే తయారవుతుంది. తప్పు జరిగితే అక్కడే జరుగుతుంది, జరిగిన తర్వాత కంటికి కనపడకుండా మూతపడుతుంది. అడిగినవాళ్లకు చెప్పీ చెప్పీ పై వాక్యం కట్టుకున్నాను. గుర్తుండడానికి కాస్త పాతకాలపు మాటల్లో కట్టాను. దానికి ఇది వ్యాఖ్య. ఇందులోని అంకెలు అమెరికాలో వాడుకలో ఉన్నవి, ముఖ్యంగా నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వారి 211వ నంబరు ప్రమాణంలోవి. కొన్న పొయ్యితో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే ఆ పుస్తకం మాటే చెల్లుతుంది.

కొలత కలిసిన

పొయ్యిలోంచి పొగ బయటికొచ్చే మూతి ఎంత వెడల్పో గొట్టం లోపలి వెడల్పూ అంతే ఉండాలి. ఇప్పటి పొయ్యిలకు ఎక్కువగా ఆరంగుళాలు. పాత ఇంట్లో ఎనిమిదంగుళాల గొట్టం ముందే ఉంటే, పెద్దదే కదా, పొగ ఇంకా సాఫీగా పోతుంది అనిపిస్తుంది. పోదు. ఆరంగుళాల గొట్టం నోరు సుమారు 28 చదరపు అంగుళాలు, ఎనిమిదంగుళాలది 50. అదే పొగ రెండోదాంట్లోకి వచ్చేసరికి నడక సగానికి దగ్గరగా పడిపోతుంది. మెల్లగా నడిచిన పొగ దారిలోనే చల్లారుతుంది. చల్లారిన పొగ గోడకు అంటుకుంటుంది.

పొగను పైకి లాగేది వేడి ఒక్కటే. లోపలి గాలి వేడెక్కి తేలికవుతుంది, బయటి చల్లగాలి బరువు దాన్ని కిందినుంచి పైకి తోస్తుంది. ఆ తోపు ఎంతో లెక్కకడితే ఆశ్చర్యంగా ఉంటుంది. బయట సున్నా డిగ్రీల చలి, గొట్టంలో సగటున 200 డిగ్రీల సెల్సియస్ వేడి, పొయ్యి మూతి నుంచి కొస దాకా 15 అడుగుల ఎత్తు అనుకుందాం. రాపిడి నష్టం తీసెయ్యకముందే ఆ తోపు 25 పాస్కల్స్. నీటి మట్టంలో చెప్పాలంటే రెండున్నర మిల్లీమీటర్లు! పొయ్యి తలుపు బిగించి మూసి ఉన్నా సన్నటి రంధ్రాల్లోంచి గాలిని లోపలికి పీల్చి, కట్టెను మండించి, పొగను కప్పు దాటించే బలమంతా అంతే. కాబట్టి గొట్టాన్ని పొగ పోయే దారి అనుకోవడం పొరపాటు. పొయ్యిని నడిపే యంత్రం అదే. పొయ్యి నిప్పుండే పెట్టె. వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీలన్నీ బిగించి ఉంచితే ఆ ఫ్యాను ఈ రెండున్నర మిల్లీమీటర్లను ఇట్టే ఓడించి పొగను గదిలోకి వెనక్కి గుంజుతుంది. పోపు పెడుతూ ఫ్యాను గట్టిగా వేసే మన ఇళ్లలో ఈ ముక్క ప్రత్యేకించి గుర్తుంచుకోవాలి.

గొట్టము

మాట ఒకటే గానీ వస్తువులు రెండు. పొయ్యి నుంచి గది కప్పు దాకా మన కళ్లముందు నిలబడే నల్లటి రేకు గొట్టం ఒకటి. దాన్ని ఇక్కడ స్టవ్ పైప్ అంటారు. కప్పు దగ్గర మొదలై అటకను, ఇంటి కప్పును దాటి ఆకాశంలోకి పోయేది రెండోది, అసలు చిమ్నీ. దానికి రెండు స్టీలు పొరలు, మధ్యన వేడిని ఆపే దట్టింపు. కొట్లో క్లాస్ ఏ అని అడగాలి. మొదటిది చవక, రెండోది ఖరీదు. ఆ తేడా చూసి మొదటిదాన్నే కప్పులోంచి పైదాకా పంపిద్దామనుకునేవాళ్లున్నారు. స్టవ్ పైప్ కప్పును గానీ, అటకను గానీ, అల్మారాను గానీ దాటకూడదు. ఇందులో సర్దుబాటు లేదు.

చిమ్నీ ముక్కల మీద అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ వారి 103 హెచ్‌టీ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. ఆ చివరి రెండక్షరాలే ప్రాణం. ఆ ముద్ర ఉన్న గొట్టాన్ని 2100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 1150 డిగ్రీల సెల్సియస్ వేడికి, పది నిమిషాల చొప్పున మూడుసార్లు గురిచేసి చూసి ఉంటారు. రోజువారీ పొగ అంత వేడిగా ఉండదు. లోపల పేరుకున్న మసి అంటుకున్న నాడు ఉంటుంది; పరీక్ష ఆ రోజు కోసం. ఒక కంపెనీ ముక్కకు ఇంకో కంపెనీ ముక్క కలపకూడదు. పరీక్షకు నిలిచింది మొత్తం సెట్టు, విడి ముక్కలు కావు.

ఇప్పుడు స్టవ్ పైప్ అతుకుల సంగతి. ప్రతి ముక్కకూ ఒక చివర నొక్కులు పెట్టి సన్నగా చేసి ఉంటుంది, అది మగ కొస. రెండో చివర మామూలుగా ఉంటుంది. మగ కొస ఎటు ఉండాలి? మా ఇంట్లో బిగిస్తున్న రోజు సాయానికొచ్చిన కరీంనగర్ తమ్ముడొకతను చూసి, "అన్నా, ఇది ఉల్టా పెట్టినట్టున్నవ్. పొగ పైకి పోతది గదా, సందుల్లకెళ్లి బయటికొస్తది" అన్నాడు. చూడగానే ఎవరికైనా తోచే మాటే. కానీ మగ కొస కిందికే, పొయ్యి వైపుకే ఉండాలి. అతుకు సందులోంచి పొగ బయటికి రాదు, ఎందుకంటే గొట్టం లోపలి ఒత్తిడి గదిలో ఒత్తిడి కంటే తక్కువ. సందు ఉంటే గది గాలే లోపలికి పోతుంది. కిందికి జారేది వేరే ఉంది: చల్లారిన పొగలోంచి దిగే నల్లటి జిగురు నీళ్లు. మగ కొస కిందికి ఉంటే అవి లోపలి గోడ వెంటే జారి పొయ్యిలో పడి మళ్లీ మండిపోతాయి. పైకి ఉంటే ప్రతి అతుకు దగ్గరా బయటికి కారి, నల్లటి చారలు కట్టి, గదంతా కంపు కొడుతుంది. డాబా మీది వాన నీళ్ల గొట్టాన్ని మేస్త్రీ ఎలా దించుతాడో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అతుకు అతుకుకూ మూడు స్క్రూలు. అడ్డంగా పోయే ముక్క ఉంటే అడుగుకు పావంగుళం చొప్పున పైకి వాలు. వంకలు ఎంత తక్కువైతే అంత మేలు.

గొట్టమునకు కలపకు నడుమ ఖాళీ

ఈ మాట కోసమే నేను ఈ వ్యాఖ్య రాస్తున్నాను.

మన ఊళ్లలో పొయ్యి గోడకు ఆనుకుని ఉంటుంది. గోడ మట్టిదో, ఇటుకదో, రాతిదో. మసి పడుతుంది, సున్నం కొడతాం, అంతే. ఆ అలవాటు మన చేతుల్లో ఉంది. ఇక్కడి ఇల్లు కలప ఇల్లు. గోడ పైకి గట్టిగా, తెల్లగా కనిపించే డ్రైవాల్ అరంగుళం జిప్సం పలక. దానికి రెండు పక్కలా కాగితం, దాని వెనక నిలువునా కలప బద్దలు. పలక మంటను కాసేపు ఆపుతుంది గానీ వేడిని ఆపదు. అందువల్ల ఆ గోడను కాలే గోడగానే లెక్కపెడతారు.

ఒంటి పొర స్టవ్ పైప్‌కు, కాలే వస్తువుకు మధ్య 18 అంగుళాలు. రెండు పొరల స్టవ్ పైప్ అయితే చాలా కంపెనీలు ఆరంగుళాలు చెబుతాయి. క్లాస్ ఏ చిమ్నీకి చుట్టూ రెండంగుళాలు. పరీక్ష ముద్ర లేని పాత పొయ్యికైతే ఒంటి చుట్టూ 36 అంగుళాలు, అంటే మూడడుగులు. గది సగం పోతుందని జనం బాధపడేది ఇక్కడే, అడ్డదారులు వెతికేదీ ఇక్కడే. డ్రైవాల్ మీద నేరుగా రాతి టైల్స్ అతికించి గోడ ఇప్పుడు రాయి అయిందనుకోవడం వాటిల్లో మొదటిది. టైల్ వేడెక్కుతుంది, ఆ వేడిని వెనకున్న బద్దకు అందిస్తుంది. ఒక్క అంగుళం కూడా తగ్గించుకోవడానికి అది పనికిరాదు. పనికొచ్చేది మరొకటుంది: గోడకు అంగుళం దూరంలో, కాలని ఊతల మీద, ఒక రేకు నిలబెట్టడం. ఆ రేకు కిందా పైనా తెరిచి ఉండాలి. రేకు వేడెక్కగానే వెనకున్న గాలి పైకి పోతుంది, కిందినుంచి చల్లగాలి వస్తుంది, గోడకు వేడి చేరేలోపే గాలి ఎత్తుకుపోతుంది. ఈ ఏర్పాటుతో 36 అంగుళాల్ని 12కు దించుకోవచ్చు. రాతి టైల్ చెయ్యలేని పనిని పలచటి రేకు చేసింది. నిజానికి రేకు కాదు, దాని వెనక అంగుళం ఖాళీ చేసింది.

ఖాళీ లేకపోతే ఏమవుతుందో చెప్పాలి. మొదటి రోజు ఏమీ కాదు. మొదటి ఏడాదీ ఏమీ కాకపోవచ్చు, ఆ ధైర్యమే ప్రమాదం. మామూలు కలప అంటుకోవడానికి 250 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. కానీ ఏళ్ల తరబడి వేడి తింటూ ఉన్న కలప లోలోపల మారిపోతుంది: తేమ పోతుంది, రంగు మారుతుంది, పైన బొగ్గు పొర కడుతుంది. అలా మారిన కలప కొత్త కలప కంటే చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. పదేళ్లు ఏమీ కాలేదు కదా అనే మాట పదకొండో ఏటికి భరోసా కాదు. పదేళ్లూ ఆ వాసం సిద్ధమవుతూ వచ్చింది.

ఖాళీ అంటే ఖాళీయే. చలి దేశంలో సందు కనిపిస్తే దూది కూరాలనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి సందూ వేడిని బయటికి పంపే కంతే. అటకంతా మందంగా ఇన్సులేషన్ పరచి ఉంటుంది. చిమ్నీ చుట్టూ ఉన్న ఆ రెండంగుళాల్లోకి దాన్ని నెడితే, గాలికి పోవలసిన వేడి పోక, గొట్టం పైపొర ఇంకా వేడెక్కి, దూదిలోంచి వాసం దాకా పాకుతుంది. అది కాలని గాజు దూదే అయినా తప్పు తప్పే. ఇన్సులేషన్ గొట్టం దగ్గరికి జారకుండా అటకలో ఒక రేకు కవచం, దాని నెత్తిన ఒక రేకు పట్టీ పెట్టాలి. చిమ్నీ సెట్టులో అవి పెద్ద ఖరీదైన ముక్కలు కావు.

కొప్పును మించిన కొస

ఇక్కడి పనివాళ్లు దీన్ని మూడు, రెండు, పది అని మూడంకెల్లో చెబుతారు. గొట్టం కప్పును దాటే చోటు నుంచి కనీసం మూడడుగుల ఎత్తు. పదడుగుల అడ్డ దూరంలో ఇంటి భాగం ఏది ఉన్నా దానికంటే రెండడుగుల ఎత్తు. రెండింట్లో ఏది ఎక్కువైతే అది. కప్పు వాలులు కలిసే అంచు, అంటే కొప్పు, మీదుగా వచ్చే గాలి అవతలి వాలు మీద సుడి తిరిగి కిందికి దిగుతుంది. కొస ఆ సుడిలో ఉంటే గాలి గొట్టంలోకి ఊదుతుంది. మన రెండున్నర మిల్లీమీటర్లు దానికి నిలవవు.

ఒక లెక్క వేసి చూద్దాం. అడుగుకు ఎనిమిదంగుళాలు లేచే కప్పు అనుకోండి. కొప్పుకు అడుగు దూరంలో గొట్టం బయటికొస్తే కొప్పు అక్కణ్నించి ఎనిమిదంగుళాల ఎత్తే. రెండడుగులు కలిపినా మూడడుగులు దాటదు, కాబట్టి మూడడుగులు చాలు. ఆరడుగుల దూరంలో వస్తే కొప్పు నాలుగడుగుల ఎత్తు, గొట్టం ఆరడుగులు లేవాలి. ఐదడుగులు దాటితే గాలికి ఊగకుండా కప్పుకు కడ్డీలతో కట్టాలి. పదిహేనడుగుల దూరంలో అయితే పదడుగుల దాకానే కొలుస్తాం, అయినా ఎనిమిదడుగుల ఎనిమిదంగుళాలు అవుతుంది. పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది సోఫాను బట్టి కాకుండా కొప్పును బట్టి తేల్చుకోమని నేను చెప్పేది ఇందుకే. కొప్పు కింద పెడితే గొట్టంలో ఎక్కువ భాగం ఇంటి లోపలే, వెచ్చగా ఉంటుంది. గోడకు కంత పెట్టి బయటినుంచి పైకి తీసుకుపోతే గొట్టమంతా చలిలో నిలబడుతుంది. పొద్దున్నే వెలిగిస్తే చల్లటి గాలి బరువుగా కిందికి దిగి పొగను గదిలోకి తోస్తుంది, మసి కూడా ఎక్కువ పడుతుంది.

కప్పు కంతకు ఫ్లాషింగ్ అనే రేకు పళ్లెం వేస్తారు. దాని పై అంచు షింగిల్స్ కిందికి, కింది అంచు షింగిల్స్ మీదికి. పెంకుటిల్లు నేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ గొట్టాన్ని ఆ పళ్లేనికి జిగురుతో అంటించకూడదు. స్టీలు గొట్టం వేడికి పెరుగుతుంది, పొడవును బట్టి సెంటీమీటరు పైనే. జిగురు దాన్ని పట్టుకోలేక పగులుతుంది, వాన కారుతుంది. గొట్టం పైకీ కిందికీ జారేలా వదిలి, దాని మెడకు ఒక కాలర్ తొడిగి, ఆ కాలర్‌కు గొట్టానికి మధ్య మాత్రమే జిగురు పెట్టాలి.

మసి తీయు దారి

పొగంటే కాలకుండా తప్పించుకున్న కట్టె. గొట్టం గోడకు అది మూడు రకాలుగా అంటుకుంటుంది: పొడి మసి, పెళుసు పొరలు, గాజులా మెరిసే తారు. మొదటిది బ్రష్‌కు రాలుతుంది. రెండోది కష్టపడితే వస్తుంది. మూడోది బ్రష్‌కు లొంగదు, అంటుకుంటే ఆగదు. ఎనిమిదో వంతు అంగుళం మందం పేరుకుంటే ఊడ్చేయాలని ఇక్కడి చిమ్నీ పనివాళ్లు చెబుతారు. ఊడ్చాలంటే బ్రష్ దిగే దారి ఉండాలి: నెత్తిన విప్పదగిన టోపీ, వంక దగ్గర తెరవదగిన మూత. ఇల్లు కట్టేటప్పుడు ఆ మూతను అల్మారా వెనక దాచేస్తే ఊడ్చడం అక్కడితో సరి.

తారుకు మూలం పచ్చికట్టె. తేమ 20 శాతం లోపు ఉన్న కట్టే పొయ్యిలోకి పోవాలి. ఇక్కడి ఓక్ చీల్చి పేర్చాక అలా ఆరడానికి రెండేళ్లు పడుతుంది. కట్టె నిండా పెట్టి గాలి మూసేసి రాత్రంతా నివురుగప్పి ఉంచడం కూడా తారును పెంచేదే.

పొగగొట్టం, మసి సంగతి మన దేశంలోనూ పాతదే. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి.రాజు గారు పల్లె వంటిళ్ల కోసం పొగగొట్టమున్న మట్టి పొయ్యిని తీర్చిదిద్ది, 1953లో స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్ అనే పుస్తకం తెచ్చారు. తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి కోట్ల సంఖ్యలో పొయ్యిలను ఇళ్లకు చేర్చింది. గొట్టం పెట్టించడం జరిగినంతగా దాన్ని ఊడ్చే ఏర్పాటు జరగలేదు. గొట్టం పూడిపోతే పొగ మళ్లీ వంటింట్లోకే వచ్చింది, ఆ పొయ్యిలు చాలాచోట్ల మూలపడ్డాయి. మంచి ఆలోచన మసి దగ్గర ఓడిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మూయకముందు చూచిన కన్ను

మసాచుసెట్స్‌లో కట్టెల పొయ్యి పెట్టాలంటే ఊరి బిల్డింగ్ శాఖ నుంచి పర్మిట్ తీసుకోవాలి, బిగించాక ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టాలి. సంతకం లేకుండా ఇల్లు కాలితే బీమా కంపెనీతో చిక్కులు రావచ్చని అందరూ హెచ్చరిస్తారు. నిజమే, కానీ నేను చెప్పేది బీమా కోసం కాదు.

మా ఇంట్లో గొట్టం నేనే బిగించాను. మాన్యువల్ రెండుసార్లు చదివి, టేపుతో కొలిచి, ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చి పొయ్యి వెనకున్న పరీక్ష పలక చదివారు, దూరాలు కొలిచారు, పొయ్యి కింది పళ్లెం తలుపు ముందు ఎంత వచ్చిందో చూశారు, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కి చూశారు. అన్నీ సరిపోయాయి. తర్వాత అటకకు నిచ్చెన అడిగారు. టార్చి వేసుకుని ఎక్కి, కవచం రేకు లోపలికి రెండు వేళ్లు పెట్టారు. వేళ్లు దిగలేదు. కవచం పెట్టాను గానీ దాని నెత్తిన పట్టీ బిగించడం మరిచిపోయాను. పక్కకు తోసిన ఇన్సులేషన్‌ను మళ్లీ సర్దేటప్పుడు పిడికెడు లోపలికి జారింది. అది పాత వార్తాపత్రికల కాగితంతో చేసిన దూది. మంట త్వరగా అంటకుండా మందు కలిపి ఉంటుంది, అయినా నివురుగప్పి కాలగలదు. ఆ పిడికెడు చిమ్నీ ఒంటికి ఆనుకుని ఉంది.

పర్మిట్ కార్డు మీద సంతకం పడలేదు. ఆ సాయంత్రం అదంతా తీసి, పీల్చే యంత్రంతో ఊడ్చి, పట్టీ బిగించాను. తర్వాతి వారం ఆయన మళ్లీ వచ్చి మళ్లీ అటకెక్కారు, మళ్లీ వేళ్లు పెట్టారు. నా పిల్లల గది ఆ అటక కిందే ఉంది. ఆయన పట్ల నాకున్న కృతజ్ఞత మాటల్లో చెప్పలేను. అందుకే అడిగినవాళ్లందరికీ చెబుతాను: అటకెక్కకుండా సంతకం పెట్టేవారొస్తే మీరే నిచ్చెన వేసి, దయచేసి ఒకసారి పైన చూడండి అని అడగండి. గోడ మధ్యలోంచి గొట్టం పోతుంటే డ్రైవాల్ కొట్టకముందే పిలవండి.

తర్వాత ఏటా ఒకసారి చిమ్నీ పనివాళ్ల చేత చూపించాలి. చూడటంలో మూడు స్థాయిలున్నాయి. ఏమీ మారని పొయ్యికి మొదటిది, కంటికి అందేవన్నీ చూస్తారు. ఇల్లు చేతులు మారినప్పుడు, పొయ్యి మార్చినప్పుడు, గొట్టంలో మంట వచ్చినప్పుడు రెండోది. అటకా అడుగుభాగమూ ఎక్కి దిగి, గొట్టంలోకి కెమెరా దించుతారు. దాగి ఉన్న ప్రమాదం అనుమానమొస్తే గోడ విప్పి చూసేది మూడోది. పొయ్యి ఉన్న పాత ఇల్లు కొంటున్నవాళ్లు రెండో స్థాయి అడిగి మరీ చేయించుకోవాలి. మామూలు ఇంటి తనిఖీ దానికి బదులు కాదు.

పిమ్మటనే నిప్పు

సంతకం పడ్డాక కూడా మొదటి రోజే పొయ్యి నింపకూడదు. కొత్త పొయ్యి మీది రంగు వేడికి గట్టిపడాలి. రెండు మూడు రోజులు చిన్న చిన్న మంటలు పెట్టి, ఒక్కోసారి కాస్త పెంచి, చల్లారనివ్వాలి. రంగు ఘాటు వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టాలి. గొట్టం బాగా చల్లగా ఉన్న రోజు ముందు ఒక కాగితం ఉండ పైభాగాన వెలిగించి, లోపలి చల్లగాలిని కదిలించాకే పుల్లలు అంటించాలి.

వెలిగించి పావుగంటయ్యాక కోటు వేసుకుని బయటికెళ్లి కొస వైపు చూడండి. మొదట తెల్లటి పొగ వస్తుంది. కట్టె ఎండుదై, గొట్టం సరిగా లాగుతుంటే కాసేపటికి అది సన్నబడి మాయమవుతుంది; టోపీ పైన గాలి మాత్రం ఎండాకాలం రోడ్డు మీద వణికినట్టు వణుకుతూ ఉంటుంది. ఇంకా పొగ దట్టంగానే వస్తుంటే లోపలికొచ్చి గాలి తలుపు ఇంకొంచెం తెరవండి.